ఆదివారం తెచ్చిన కూరగాయలు వారమంతా రావాలంటే, రోజూ సరిపడా తినాలంటే?

మీ ఇంట్లో ఇద్దరూ ఉద్యోగాలు చేస్తున్నారని, ఆదివారం బెంగళూరు మడివాళ మార్కెట్లో తెచ్చిన కూరగాయల్లో సగం గురువారానికి కుళ్లిపోతున్నాయని, ఏం చేయాలని ఉత్తరం రాశారు. అది మీ బద్ధకం కాదండీ. వండే వరుస మారిస్తే చాలావరకు సర్దుకుంటుంది.

ముందు లెక్క. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజుకు ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు చెప్పింది. అది పచ్చి బరువు. ఇద్దరికి వారానికి 5.6 కిలోల కూరగాయలు. తొక్కలు, కాడలు పోతాయి కాబట్టి ఆరున్నర కిలోలు తెచ్చుకోండి. బంగాళాదుంపను ఇందులో కలపకండి. సాంబారులో వచ్చే రెండు ములక్కాడ ముక్కలతో కూడా లెక్క తీరదు.

ఆది, సోమవారాలు ఆకుకూరలే వండండి. తర్వాత రెండు రోజులు బెండ, బీర, వంకాయ. క్యాబేజీ, క్యారెట్, బీట్‌రూట్, బెంగళూరు వంకాయ ఆగుతాయి, వాటిని వారం చివరికి ఉంచండి. బుధవారం ఇంటికొస్తూ హాప్‌కామ్స్ (రైతుల సహకార సంఘం కూరగాయల దుకాణం)లో ఇంకో రెండు కట్టల ఆకుకూర తీసుకుంటే సరి.

పాడయ్యేది ఎక్కువగా తడి వల్లే. తోటకూర, పాలకూర కట్ట విప్పి, కుళ్లిన ఆకు ఏరేసి, వేళ్లు కోసి, ఫ్యాన్ కింద ఆరనిచ్చి పొడి నూలుగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. కడగడం మాత్రం వంటకి తరిగే ముందే. బెండకాయలకు చుక్క నీరున్నా జిగటపట్టి నల్లబడతాయి. పండిన అరటి, మామిడి పక్కన ఆకుకూర పెట్టొద్దు. వాటి నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకు ఆకు పసుపెక్కుతుంది.

ఇక తినడం. ఉప్మాకు గ్లాసు రవ్వ అయితే రెండు గ్లాసుల ముక్కలు వేయండి. పప్పులో అర గ్లాసు కందిపప్పుకు పావుకిలో పాలకూర పడుతుంది, ఉడికాక అంతా అణిగిపోతుంది. గోంగూరైతే పప్పు మెత్తబడ్డాకే కలపాలి, ముందే వేస్తే పులుపుకి పప్పు ఉడకదు. కంచంలో అన్నం కంటే కూర ముందు పెట్టుకోండి, ఇది చాలా పనిచేస్తుంది.

పండుకు ఆఫీసు బ్యాగులో ఒక జామకాయో అరటిపండో చాలు. ముక్కలు కోసి డబ్బాలో పెడితే సాయంత్రానికి నీరుకారి ఎవరూ ముట్టరు. వడగట్టిన రసంలో పీచు పోతుంది, దాన్ని పండుగా లెక్కించకండి.

ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బరిస్తుంది. మొదటి వారం ఇప్పుడు తినేదానికి రోజుకు 100 గ్రాములు మాత్రమే కలపండి, నీళ్లు కాస్త ఎక్కువ తాగండి. ఇంట్లో కిడ్నీ జబ్బున్నవాళ్లుంటే కూరగాయల్లో, పండ్లలో ఉండే పొటాషియం విషయం డాక్టరును అడిగాకే పెంచండి.