కథలకి సొంత సైటు కట్టుకుంటానన్న తమ్ముడికి

శ్రీకాకుళం

తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. సైటుకి ఏ టూల్ మంచిదని అడిగావు. ముందు నీ కథలు ఏ రూపంలో ఉన్నాయో చూసుకో. డీటీపీ వాళ్ల పాత ఫాంట్లలో ఉన్నవాటిని యూనికోడ్‌లోకి మార్పించు. మార్చాక ప్రతి లైనూ చదువు, కన్వర్టర్లు ఒత్తుల దగ్గర బోల్తా కొడతాయి. తర్వాత ఒక్కో కథనీ ఒక్కో మార్క్‌డౌన్ ఫైలుగా పెట్టుకో. అది ఉత్త టెక్స్టే, నోట్‌ప్యాడ్‌లోనైనా తెరుచుకుంటుంది. కారా మాస్టారు 1997లో మన ఊళ్లో కథానిలయం అనే కథల లైబ్రరీ పెట్టింది కథల్ని దాచడానికి గానీ బీరువాల్ని దాచడానికి కాదు కదా!

టూల్ అంటావా, నేనైతే హ్యూగో అంటాను. నీ మార్క్‌డౌన్ ఫైళ్లని వెబ్ పేజీలుగా మార్చిపెడుతుంది. ఒక్క ప్రోగ్రామ్ దింపుకుంటే చాలు. అదే పని చేసే జెకిల్ కూడా మంచిదే, కాకపోతే రూబీ అనే ప్రోగ్రామింగ్ భాషతో కుస్తీ పట్టే ఓపిక ఉండాలి. హ్యూగో సర్వర్ కమాండ్ నడిపి బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్:1313 తెరువు, సైటు నీ కంప్యూటర్‌లోనే కనబడుతుంది. ఫైలు సేవ్ చెయ్యగానే పేజీ తనే మారిపోతుంది. దీనికి నెట్ అక్కర్లేదు. 2018లో తిత్లీ తుపాను ఉద్దానాన్ని ఎలా చీకట్లో పడేసిందో చూశాం కదా, ఛార్జింగ్ ఉన్నంతసేపైనా మన పని ఆగకూడదు. అందుకే ఫాంటు ఫైలు కూడా సైటు ఫోల్డర్‌లోనే ఉంచు. గిడుగు, గురజాడ పేర్లతో ఉచిత ఫాంట్లున్నాయి, మనవైపు వాళ్లకి అదో ముచ్చట. గిడుగు శీర్షికకి బాగుంటుంది, కథంతా అందులో పెడితే మాత్రం కళ్లు లాగుతాయి.

అసలు టెన్షన్ ఏడాది పోయాక మొదలవుతుంది. హ్యూగో కొత్త వెర్షన్ వేస్తావు, సైటు రూపురేఖలు చూసుకునే పాత థీమ్ దానితో పడక బిల్డ్, అంటే సైటు తయారీ, ఆగిపోతుంది. ఏ వెర్షన్‌తో కట్టావో, ఏ కమాండ్లు కొట్టావో రీడ్‌మీ ఫైల్లో తెలుగులోనే రాసిపెట్టు. నీ ఫైళ్లని నెట్‌లో దాచే గిట్‌హబ్‌లో బిల్డ్ అయ్యేచోట కూడా అదే వెర్షన్ నెంబరు ఇవ్వు. థీమ్‌ని సబ్‌మాడ్యూల్‌గా, అంటే వేరేచోటున్న థీమ్‌కి లింకుగా పెడితే, రేపు కొత్త లాప్‌టాప్‌లోకి అన్నీ మామూలుగా క్లోన్ (కాపీ) చేసుకున్నప్పుడు ఆ ఫోల్డర్ ఖాళీగా వస్తుంది. ఆ గొడవెందుకు, కాపీ చేసి నీ ఫోల్డర్‌లోనే కలిపేసుకో. తయారైన పేజీలుండే పబ్లిక్ ఫోల్డర్‌ని మాత్రం మార్పుల చరిత్ర దాచే గిట్‌లోకి ఎక్కించకు, అది ఎప్పుడు కావాలంటే అప్పుడు మళ్లీ తయారవుతుంది.

ఇంకోటి, ఇది రచయితలకి మరీ ముఖ్యం. ముగింపు కుదరని కథకి పైన డ్రాఫ్ట్ ట్రూ అని పెడితే సైటులోకి రాదు. నిజమే. కానీ గిట్‌హబ్ ఉచిత ఖాతాలో సైటుని నెట్‌లో చూపించే పేజెస్ సేవ వాడాలంటే రిపాజిటరీ, అంటే నీ ఫైళ్లుండే చోటు, పబ్లిక్‌గా ఉండాలి. సైటులో కనబడని డ్రాఫ్టు అక్కడ అందరికీ కనబడుతుంది, నువ్వు కొట్టేసిన పేరాలతో సహా. తర్వాత ఫైలు తీసేసినా పాత కమిట్లలో, అంటే గిట్ దాచిన పాత రూపాల్లో, ఉండిపోతుంది. పత్రికలేమో ‘ఎక్కడా ప్రచురితం కాలేదు’ అని హామీపత్రం అడుగుతాయి. పోటీకి పంపే కథని అచ్చయ్యేదాకా ఆ ఫోల్డర్ దరిదాపులకి రానివ్వకు, వేరేచోట రాసుకుని పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ ఉంచుకో.

ఇన్‌స్టాల్ దగ్గర ఏదైనా ఎర్రర్ వస్తే ఫోటో తీసి పంపకు, ఆ మెసేజ్ మొత్తం కాపీ చేసి పంపు.

ఉంటాను,
అన్నయ్య