పెళ్లి డీవీడీని ఎంపీ4 చేసేటప్పుడు ఏ సెట్టింగ్స్ పెట్టాలి?

ప్రశ్న: అమ్మానాన్నల పెళ్లి డీవీడీని హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్‌లో ఎంపీ4 చేశానండి, క్లారిటీ వస్తుందని సైజు 1080 పెట్టా, కానీ తలంబ్రాలు పోసేటప్పుడు చేతుల చుట్టూ దువ్వెన పళ్లలాగా గీతలొస్తున్నాయి. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఆ గీతలు ఇంటర్‌లేసింగ్ వల్లమ్మా. మన దగ్గర పెళ్లి డీవీడీలు ఎక్కువగా పాల్ అనే టీవీ పద్ధతిలోనే ఉంటాయి, అంటే 720x576, సెకనుకి 25 ఫ్రేములు, ఒక్కో ఫ్రేములోని అడ్డ వరసల్లో సరివి ఒక క్షణానివి బేసివి ఇంకో క్షణానివి, దీన్నే ఇంటర్‌లేసింగ్ అంటారు, అందుకే కదిలే చెయ్యి దగ్గర రెండూ కలవక అలా చీలిపోతుంది. ఫిల్టర్స్‌లో డీఇంటర్‌లేస్ ఆన్ చెయ్యండి, పోతాయి.

1080 మాత్రం వద్దు, లేని వివరం ఎక్కడినుంచీ రాదు, ఫైలే పెరుగుతుంది. సైజు, ఫ్రేమ్ రేటు ఉన్నవి ఉన్నట్టే ఉంచి వీడియో కుదించే పద్ధతి హెచ్.264, క్వాలిటీ నంబర్ (ఆర్ఎఫ్) 18 నుంచి 20 మధ్య పెట్టండి, ఈ నంబర్ తగ్గేకొద్దీ క్వాలిటీ పెరుగుతుంది, చాలామంది ఇక్కడే తిరగేసి పెడతారు. సౌండ్‌కి ఏఏసీ పద్ధతి, 160 కేబీపీఎస్ చాలు.

ముందు ఆ తలంబ్రాల దగ్గర ఒక్క నిమిషం ముక్క చేసి టీవీలో చూసుకోండి, బాగుంటేనే మొత్తం పెట్టండి. డిస్క్‌లో అసలు వీడియో ఉండే వీఓబీ ఫైల్స్ మాత్రం డిలీట్ చెయ్యొద్దమ్మా, హార్డ్ డిస్క్‌లో అలాగే దాచండి, ఒకసారి కుదించాక పోయింది మళ్లీ రాదు.