‘బ్రేకింగ్ బ్యాడ్’ ఆపేయాలా? ఆరో ఎపిసోడ్ దాకా ఆగండి

అందరూ మెచ్చుకునే ‘బ్రేకింగ్ బ్యాడ్’ నాలుగు ఎపిసోడ్లు చూసినా సాగదీస్తున్నట్టే ఉందని, ఆపేయాలా అని అడిగారు కదా. ఇప్పుడే ఆపకండి. మొదటి సీజన్‌లో ఉన్నవే 7 ఎపిసోడ్లు. ఆరోదాంట్లో కథ ఊపందుకుంటుంది. అది చూశాక తేల్చుకోండి.

వీలైతే మూడో ఎపిసోడ్ ఇంకోసారి చూడండి. బేస్‌మెంట్‌లో కట్టేసిన మనిషిని చంపాలా, వదిలేయాలా అని కథానాయకుడు వాల్టర్ కాగితం మీద రాసుకుంటాడు. చివరికి వదిలేద్దామనే అనుకుంటాడు. అప్పుడు చెత్తబుట్టలోంచి పగిలిన ప్లేటు ముక్కలు తీసి ఒక్కొక్కటే పేరుస్తాడు. ఒక ముక్క లేదు, మొనదేలిన పొడవాటి ముక్క. అదెక్కడుందో అతనికీ మనకీ ఒకేసారి తడుతుంది. అక్కడ మాటలు దాదాపు ఉండవు. ఆ నెమ్మది లేకపోతే అంత టెన్షన్ పుట్టదండీ. వాల్టర్ లాంటి ఒక కెమిస్ట్రీ మాస్టారు మెట్టు మెట్టుగా ఎలా దిగజారతాడో చూపించడమే ఈ సిరీస్ బలం. ఒక చేత్తో ఫోన్ నొక్కుతూ చూస్తే అదంతా జారిపోతుంది.

అయినా ఎక్కకపోతే బలవంతం వద్దు. 5 ఎపిసోడ్లలో అయిపోయే ‘చెర్నోబిల్’ (2019) పెట్టుకోండి. 1986లో చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రంలో రియాక్టర్ పేలిన రాత్రి, రేడియేషన్ 3.6 రాంట్‌జెన్లే అని అక్కడి అధికారులు స్థిమితంగా కూర్చుంటారు. నిజానికి ఆ మీటరుకు అంతకు మించి చూపించే సత్తానే లేదు! దీనికి ఓపిక పట్టే పనే లేదు, మొదటి ఎపిసోడే కట్టిపడేస్తుంది. పడుకునే ముందు మాత్రం చూడకండి, నిద్ర పట్టదు.