చీమకుర్తి బడికి వెళ్లిన అమ్మాయికి

ఒంగోలు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. చీమకుర్తి మండలానికి ప్రధానోపాధ్యాయురాలిగా బదిలీ అయిందనీ, ప్రాథమిక తరగతుల్లో సగానికి దగ్గరగా ఒడిశా, బీహారు నుంచి వచ్చిన క్వారీ కూలీల పిల్లలే ఉన్నారనీ, వాళ్లకు వేరే సెక్షను పెట్టమని ఊళ్లో కొందరు పట్టుబడుతున్నారనీ రాశావు. ఆ పిల్లలకు తెలుగు నేర్పే పద్ధతి ఏమిటని కూడా అడిగావు. ఉద్యోగం నుంచి దిగిపోయినవాణ్ణి గదా, తీరిక ఉంది కాబట్టి వివరంగానే రాస్తున్నాను.

వేరే సెక్షను పెట్టవద్దు. ఇందులో నాకు ఏ సందేహమూ లేదు. మాట్లాడే తెలుగు పిల్లలకు మనం నేర్పేది తక్కువ, తోటి పిల్లల దగ్గర వాళ్లు పట్టుకునేది ఎక్కువ. వేరే గదిలో కూర్చోబెడితే ఆ దారి మూసుకుపోయి, క్వారీ షెడ్లలో వినబడే కలగాపులగపు హిందీ ఒక్కటే వాళ్ల మధ్య మిగులుతుంది. తమంతట తాము వచ్చేవాటి కోసం నువ్వు శ్రమపడనక్కర లేదు. పూనుకుంటే తప్ప రానివి రెండున్నాయి: చదివి రాసే తెలుగు ఒకటి, ఆ పిల్లల తల్లులకు రావలసిన తెలుగు మరొకటి. నీ శక్తినంతా వాటి మీద పెట్టు.

ముందు ఊరి సంగతి. సెక్షను విడదీయమన్నవాళ్లను దుర్మార్గుల కింద జమకట్టవద్దు. బ్లాక్ గెలాక్సీ అనే నల్ల గ్రానైటు రాయితో ఊరి పేరు దేశదేశాలకు పాకింది సరే, ఆ రాయి తీసిన గోతుల పక్కనే పుట్టి పెరిగినవాళ్లకు చూస్తూ చూస్తూ ఉండగానే టీ కొట్టు దగ్గరా, బస్టాండులోనూ వినబడే భాష మారిపోయింది. దిగులుపడే మనిషిని కసిరితే ఆ దిగులు కక్షగా మారుతుంది. తల్లిదండ్రుల కమిటీ సమావేశంలో నీతులు చెప్పకుండా లెక్క చెప్పు. ఊరి పిల్లలు చాలామంది ప్రైవేటు బడి బస్సులెక్కి పోతున్నారు. ప్రాథమిక తరగతుల్లో 30 మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడన్నది చట్టంలోని నిష్పత్తి. వలస పిల్లల పేర్లు రిజిస్టరులో లేకపోతే ఎన్ని పోస్టులు ఎగిరిపోతాయో, ఆ మీదట ఊళ్లో మిగిలిన పేద పిల్లలకు మూడు తరగతులు కలిపి ఒక్కరే పాఠం చెప్పవలసిన గతి ఎలా పడుతుందో నల్లబల్ల మీద రాసి చూపించు.

అప్పటికీ ఎవరైనా మెత్తబడకపోతే, వాళ్ల చుట్టాల గురించి అడుగు. తుంగభద్ర ఆనకట్ట వచ్చాక కోస్తా జిల్లాల రైతులు కర్ణాటకలోని గంగావతి, సింధనూరు ప్రాంతాలకు పోయి, భూములు కొని, క్యాంపులనే కొత్త ఊళ్లు కట్టుకున్నారు. వాళ్ల పిల్లలు బడిలో కన్నడం చదివారు, ఇంట్లో తెలుగు మాట్లాడారు, ఈ రెంటికీ పేచీ రాలేదు. అక్కడ ఆడపడుచో మేనమామో ఉన్న ఇల్లు మన వైపు వెతికితే దొరుకుతుంది. 2006లో తమిళనాడు ప్రభుత్వం బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చినప్పుడు అక్కడి తెలుగు పిల్లల గతేమిటని మనవాళ్లు బాధపడ్డారు, న్యాయంగానే బాధపడ్డారు. ఆ న్యాయం ఒడియా పిల్లవాడికీ వర్తిస్తుందని నువ్వు నోటితో చెప్పనక్కర లేదు, వినేవాళ్లకే తడుతుంది. నెల్లూరు సీమ పాత శాసనాల్లో తమిళంలో చెక్కినవి ఎన్నో ఉన్నాయనీ, మన ఎరుకలవాళ్లు ఇళ్లలో మాట్లాడేది తమిళానికి దగ్గరి భాష అనీ, అసలు మన ప్రకాశం జిల్లాయే 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల ముక్కలు కలిపి కుట్టినదనీ నాకు చెప్పాలనే ఉంటుంది గానీ, ఇవేవీ సమావేశంలో ఎత్తకు. చరిత్ర పాఠం వినడానికి కమిటీకి ఎవరూ రారు.

చేర్పించుకునే విషయంలో గుమాస్తా మాట కన్నా చట్టం మాట విను. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం వయసు ధ్రువపత్రం లేదని పిల్లవాణ్ణి తిప్పి పంపకూడదు, పాత బడి నుంచి టీసీ రావడం ఆలస్యమైందని చేర్చుకోవడం ఆపకూడదు. తెలుగు రాదని పదేళ్ల పిల్లను ఒకటో తరగతిలో చిన్నపిల్లల మధ్య కూర్చోబెట్టడం కూడా తప్పు. వయసుకు తగిన తరగతిలోనే చేర్చి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలన్నది ఆ చట్టంలోనే ఉంది. పదేళ్ల పిల్లకు ఆ అవమానం తెలుగు రాకపోవడం కన్నా పెద్ద గుదిబండ అవుతుంది. రెండో నెలకే బడి మానేస్తుంది.

పేరు రాసేటప్పుడు మరీ జాగ్రత్తగా ఉండు. వాళ్లలో ఇంటిపేరు చివర వస్తుంది. సాహు, బెహరా, మహతో వంటివి చూసి మన బడుల్లో అలవాటు కొద్దీ దాన్ని ముందుకు లాగి, పొడి అక్షరం చేసి పారేస్తారు. అప్పటికి ఎవరికీ ఏమీ నష్టం కనబడదు. పదో తరగతి పరీక్ష దరఖాస్తు నాటికి ఆధార్‌లో ఒక పేరు, రిజిస్టరులో మరొక పేరు తేలి, ఆ తండ్రి రోజు కూలీ పోగొట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగవలసి వస్తుంది. కాగితంలో ఏ వరుసలో ఉంటే ఆ వరుసలోనే రాసి, రాసింది తండ్రికి చదివి వినిపించు.

ఇక తెలుగు నేర్పడం. మొదటి మూడు నాలుగు నెలలు పలక కన్నా నోటికే ఎక్కువ పని పెట్టు. కొత్తగా వచ్చిన పిల్ల తరగతిలో మాట్లాడకుండా కూర్చుంటే మొద్దు అనుకోకు. వింటూ ఉంటుంది, మాట ఒక్కసారిగా బయటికి వస్తుంది. అలా వచ్చినప్పుడు “టీచర్, అమ్మ వచ్చాడు” అంటుంది. ఒడియాలో క్రియకు ఆడ మగ తేడా లేదు కాబట్టి అది సహజమైన తప్పు. నవ్వకు, నవ్వనివ్వకు, “అమ్మ వచ్చిందా, ఎక్కడుంది?” అని మామూలుగా జవాబివ్వు. సరైన రూపం ఆమె చెవిన పడుతుంది, అంతకు మించిన దిద్దుబాటు అక్కర లేదు. రాతలో వాళ్లను ఎక్కువగా ఏడిపించేది దీర్ఘం. ఒడియా మాటల్లో హ్రస్వ దీర్ఘాల తేడా వినబడదు. ఎకారానికీ ఏకారానికీ, ఒకారానికీ ఓకారానికీ ఉన్న తేడా హిందీలోనూ లేదు. అందుచేత ఉక్తలేఖనంలో గుడి, గుడిదీర్ఘం తారుమారైతే మార్కులు కోసే ముందు చెవికి అభ్యాసం ఇవ్వు. చప్పట్లు కొట్టి పొట్టి, పొడుగు పలికించు, ఆటలాగా సాగుతుంది.

సొంత ఊళ్లో రెండో తరగతో మూడో తరగతో చదివి వచ్చిన పిల్లలను మాత్రం మొదటి నుంచి మొదలుపెట్టించకు. లిపి కొత్తదే అయినా అచ్చుల వరుస, హల్లుల వరుస మనవే కాబట్టి, వాళ్ల అక్షరం పక్కన మన అక్షరం రాయించితే మనమనుకున్న దానికన్నా చాలా త్వరగా అందుకుంటారు. ఇంకొక సంగతి ఉంది, అది తలచుకుంటే నాకు నవ్వొస్తుంది. ఖ, ఘ, ఛ, ధ, భ పలకడంలో మన పిల్లల కన్నా వాళ్లే మేలు. ‘భారతం’ అనమంటే మనవాళ్లు ‘బారతం’ అంటారు, బీహారు పిల్లవాడు ఒత్తి పలుకుతాడు. పద్యం చదివేటప్పుడు వాడిని ముందు నిలబెట్టు. ఒక్క విషయంలోనైనా తరగతికి వాడు ఆదర్శమైతే మిగతా వాటిలో వెనకబడినందుకు సిగ్గుపడడు.

ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో పక్కపక్క పేజీల్లో తెలుగూ ఇంగ్లీషూ ఉంటున్నాయి. ఈ పిల్లలకు రెండు పేజీలూ పరాయివే కనుక కొత్త పాఠం మొదలుపెట్టేటప్పుడు వాళ్ల భాషలో నాలుగు మాటలు చెప్పించడం మంచిది. నీకు ఒడియా రాకపోయినా ఆరో తరగతి పిల్ల ఎవరైనా చెబుతుంది. తరగతిలో ఒడియా మాట్లాడితే జరిమానా వేసే ఉపాధ్యాయులు ఉంటారు, ఆ అలవాటు నీ బడిలో రానివ్వకు. ఇంటి భాషను వదిలించినంత మాత్రాన తెలుగు ఎక్కువగా రాదు, తల్లికీ బిడ్డకూ మధ్య మాట మాత్రం తగ్గిపోతుంది.

ఆ తెలుగు వచ్చిన పిల్లకే కొత్త కష్టం వచ్చిపడుతుంది. తల్లిని ఆసుపత్రికి తీసుకుపోవాలన్నా, తండ్రి మేస్త్రీతో కూలి లెక్క తేల్చుకోవాలన్నా ఆ పదేళ్ల పిల్లే దుబాసీ. తల్లి స్త్రీల జబ్బు గురించి డాక్టరుకు కూతురు చెప్పవలసి రావడం ఇద్దరికీ నరకమే. హాజరు పట్టీలో ఊరికే సున్నాలు పడుతున్నాయంటే ముందు ఇదేమో చూడు. దీనికి మందు తల్లి తెలుగే. మగవాళ్లకు క్వారీలోనూ పాలిషింగ్ యూనిట్లలోనూ హిందీతో పని జరిగిపోతుంది, ఏళ్ల తరబడి ఉన్నా తెలుగు అవసరం పడదు. ఆడవాళ్లు షెడ్డు దాటి బయటికి రారు, వచ్చినా మాట్లాడేవాళ్లు ఉండరు. అంగన్‌వాడీ కార్యకర్తనూ, ఊళ్లో పొదుపు సంఘం నడిపే ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లనూ కలుపుకొని, మధ్యాహ్నం పూట బడి వరండాలో వాళ్లను కూర్చోబెట్టు. అక్షరాలు వద్దు. రేషను దుకాణంలో అడగడం, బస్సులో టిక్కెట్టు తీసుకోవడం, నర్సుకు జ్వరం ఎన్నాళ్ల నుంచో చెప్పడం, ఇవి చాలు. సొంత రాష్ట్రపు రేషను కార్డు మీద ఇక్కడ కూడా బియ్యం తీసుకోవచ్చని చెబితే ఆ సమావేశానికి మళ్లీ తప్పకుండా వస్తారు. బడి కబుర్లు రాసి పంపవద్దు, వాట్సాప్‌లో మాటగా పంపు.

సాంబారులో కారం మొదటి వారాల్లో కొంచెం తగ్గించమని వంటామెకు చెప్పు, మన కారం వాళ్లకు అలవాటు లేదు.

పండుగల పట్టిక ఒకటి గోడకు పెట్టుకో. పశ్చిమ ఒడిశా వాళ్లకు కొత్త బియ్యం పండుగ నువాఖాయి మన వినాయక చవితి మర్నాడు వస్తుంది, బీహారు వాళ్ల ఛట్ దీపావళి తర్వాత ఆరో రోజు. ఆ రోజుల్లో పరీక్షలు పెట్టి, రాలేదని కోప్పడటంలో అర్థం లేదు. పిల్లలకు వేషాలు వేయించి వేదిక ఎక్కించి ఫొటోలు తీయడం కూడా నాకు నచ్చదు. అది మన సంబరమే గాని వాళ్ల పండుగ కాదు. ఊరికి పోయి నెల తర్వాత వచ్చిన పిల్ల పేరు కొట్టివేయకు. పోయేటప్పుడే ఎంతవరకు చదివిందో ఒక కాగితం మీద రాసి చేతికివ్వు, వేరే ఊళ్లో చేరినా పనికివస్తుంది.

వీళ్లలో కొందరు రాయి పని తగ్గితే వెళ్లిపోతారు, కొందరు ఇక్కడే ఇల్లు కట్టుకుంటారు. ఓట్ల సంగతి, ఇళ్ల స్థలాల సంగతి ఊళ్లో తగువులవుతాయి, అందులో బడి తలదూర్చనక్కర లేదు.

జూన్‌లో బడి తెరవడానికి ముందే షెడ్ల దగ్గరికి ఒకసారి వెళ్లి రా. ఒంటరిగా వెళ్లకు, వాళ్లలో ఒక పెద్దమనిషి ఉంటాడు, అతనికి ముందుగా కబురుపెట్టు. రాత్రి డ్యూటీ చేసినవాళ్లు పగలు నిద్రపోతుంటారు కాబట్టి సాయంత్రం అయిదు దాటాక వెళ్లడం మంచిది. చేరికల కాగితాలు వెంట తీసుకుపో, పేరు అక్కడే రాసేసుకో.

ఇట్లు,
ఆశీస్సులతో,
మీ పాత తెలుగు మాస్టారు