శ్రావణి చేత మాత్రలు పారేయించకు

హైదరాబాద్

అమ్మాయ్,

నీ నవల చదివాను. ఏకబిగిన చదివానని రాయాలని ఉంది గానీ, పదమూడో అధ్యాయం దగ్గర కోపమొచ్చి పక్కన పడేశాను. రెండ్రోజులాగి మళ్లీ తీసి పూర్తి చేశాను. ముందు ఆ కోపం సంగతి చెప్తాను.

ట్యాంక్‌బండ్ మీద నవీన్ తన మనసులో మాట చెప్పగానే శ్రావణి బ్యాగులోంచి మాత్రల స్ట్రిప్ తీసి హుస్సేన్‌సాగర్‌లోకి విసిరేస్తుంది. "ఇక నాకివి అక్కర్లేదు" అంటుంది. సినిమాకైతే భేషుగ్గా ఉంటుంది. కానీ అవి పానిక్ ఎటాక్స్‌కి రోజూ వేసుకునే మాత్రలని అంతకుముందు అధ్యాయంలో నువ్వే చెప్పావు. అలాంటి మందులు గుణం చూపించడానికే రెండు మూడు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. డాక్టర్ని అడక్కుండా ఉన్నపళంగా ఆపేస్తే తల తిరుగుతుంది, నిద్ర పట్టదు, ఊరికే చిరాకు వస్తుంది, తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుమంటుంది. అలాంటప్పుడు పద్నాలుగో అధ్యాయంలో ఆ పిల్ల గోల్కొండ మెట్లు నవ్వుతూ ఎలా ఎక్కింది? పైగా ఈ పుస్తకం కొనుక్కునేవాళ్లలో అవే మాత్రలు వాడుతున్న పిల్లలు తప్పకుండా ఉంటారు. ఆ పేజీ వాళ్ల చేతుల్లో పడుతుంది, గుర్తుంచుకో.

అసలు లోపం అంతకంటే వెనక ఉంది. శ్రావణి జబ్బు సంగతిని నువ్వు పన్నెండో అధ్యాయం దాకా పాఠకుడికి చెప్పకుండా దాచావు. అది నీ దాపరికం. ఆ పిల్ల తన చుట్టూ ఉన్నవాళ్ల దగ్గర ఎలా దాస్తోందో మాత్రం ఒక్క చోటా రాయలేదు. దాచిపెట్టడం పొద్దుటి నుంచి రాత్రి దాకా ఉండే చాకిరీ. హాస్టల్ సందులో మెడికల్ షాపు ఉన్నా అక్కడ కొనదు, ఆ షాపతను వార్డెన్‌తో కబుర్లు చెప్తాడు కాబట్టి. మాత్రల్ని స్ట్రిప్‌లోంచి ఒక్కొక్కటే ఒత్తి తీసి బి-కాంప్లెక్స్ సీసాలో పోసుకుంటుంది. ఖాళీ రేకును హాస్టల్ చెత్తబుట్టలో వెయ్యదు, మడిచి పర్సులో పెట్టుకుని అమీర్‌పేటలో పారేస్తుంది. ఎవరైనా అడిగితే "గ్యాస్ ప్రాబ్లం" అంటుంది. గ్యాస్ అంటే మనవాళ్లు ఇంకో ప్రశ్న వెయ్యరు! ఇదంతా మొదటి అధ్యాయంలోనే రావాలి. నవీన్ కంటే చాలా ముందే పాఠకుడికి తెలిసిపోవాలి. తెలిశాక ప్రతి సీనులోనూ టెన్షన్ దానంతటదే పుడుతుంది.

ఆమెను మూసాపేట హాస్టల్లో పెట్టి బేగంపేటలో ఉద్యోగం ఇచ్చావు. అంటే రోజూ మెట్రోలో ఎర్రగడ్డ మీదుగా, ఆ మానసిక వైద్యశాల ఉన్న చోటు మీదుగా వెళ్తుంది. ఈ ఊళ్లో ఎర్రగడ్డ పేరు చెప్పి ఎంతమంది ఎన్ని జోకులేస్తారో నీకు తెలుసు. ఆఫీసులో ఎవడో "నిన్ను ఎర్రగడ్డలో జాయిన్ చెయ్యాలే" అంటే అందరికంటే గట్టిగా నవ్వేది శ్రావణే అయ్యుంటుంది. ఆ స్టేషన్ పేరు మైకులో వినిపించినప్పుడల్లా ఆమె ఫోన్‌లోకి తల దించుకోవచ్చు. కథకు ఇంత అనువైన దారి ఎంచుకుని నువ్వు ఆ రైల్లో ఏం రాశావూ? కిటికీలోంచి కనిపించే మబ్బులు.

ఇక నవీన్. ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో చెప్పకుండా, మెడలో ట్యాగ్ వేసుకుని రోజూ దిల్‌సుఖ్‌నగర్ నుంచి రాయదుర్గం వెళ్లొస్తుంటాడు. నవలలో నాకు బాగా నచ్చింది ఇదే. కానీ కథ 2018 జూన్‌లో మొదలైందన్నావు. దిల్‌సుఖ్‌నగర్ మీదుగా మెట్రో నడిచింది 2018 సెప్టెంబర్ నుంచి. రాయదుర్గం స్టేషన్ తెరిచింది 2019 నవంబర్‌లో. కాబట్టి కథను ఏడాదిన్నర ముందుకు జరపాలి. జరిపితే ఏమవుతుందో చూడు, 2020 మార్చి వచ్చి పడుతుంది. మెట్రో ఆగిపోయి సెప్టెంబర్ దాకా నడవదు. ఊరంతా వర్క్ ఫ్రమ్ హోమ్. రోజూ బయటికెళ్లి ఉద్యోగం నటించినవాడు ఇప్పుడు రెండు గదుల ఇంట్లో, తల్లి కళ్లెదుట, తలుపు చాటున లేని మీటింగులు నటించాలి. తేదీలు సరిచేయబోతే కథే బలపడుతోంది, వదులుకోకు.

నవీన్ వాళ్ల నాన్న డయాలసిస్‌ని ఒక్క వాక్యంలో తేల్చేశావు. వారానికి మూడుసార్లు, ఒక్కోసారికి నాలుగేసి గంటలు, అందులోనూ లాక్‌డౌన్‌లో. ఉద్యోగంతో పాటు కంపెనీ ఇచ్చిన ఇన్సూరెన్స్ కూడా పోతుంది. నవీన్ భయమంతా దాని చుట్టూ తిరగాలి. ఆరోగ్యశ్రీలో డయాలసిస్ ఉంది కదా అని నాలాంటి చాదస్తపు పాఠకుడు అడుగుతాడు. ఆ ఇంటికి రేషన్ కార్డు లేదని ఎక్కడో ఓ చోట చెప్పెయ్యి.

శ్రావణి చిన్నప్పుడు లిఫ్టులో ఇరుక్కుపోయిన ఫ్లాష్‌బ్యాక్ తీసెయ్యి. ప్రతి బాధకూ ఒక్క కారణం ఉండి తీరాలని లేదు. కరీంనగర్ నుంచి వాళ్లమ్మ చేసే ఫోన్లు మాత్రం ఉంచు. "తిన్నవా బిడ్డా?" "తిన్ననే, మంచిగున్న." ఆ మంచిగున్న అనేటప్పుడు ఆమె ఆఫీసు మెట్ల మీద ఊపిరందక కూర్చుని ఉంటే చాలు, వర్ణన అక్కర్లేదు.

మరి ప్రేమెక్కడ అంటావేమో. ఉంది, నువ్వే రాసి గమనించకుండా దాటిపోయావు. ఏడో అధ్యాయంలో, సీట్లు ఖాళీగా ఉన్నా శ్రావణి ఎప్పుడూ తలుపు దగ్గరే నిలబడుతుందని నవీన్ కనిపెడతాడు. ఎందుకని అడగడు. మర్నాడు తనూ వచ్చి తలుపు దగ్గరే నిలబడతాడు. ట్యాంక్‌బండ్ డైలాగులన్నీ కలిపినా దీనికి సాటి రావు. నీకది రెండు లైన్లే అయింది, రెండు పేజీలు చెయ్యి. అతను ఆమె జబ్బు నయం చెయ్యనక్కర్లేదు. ఆమె అతనికి ఉద్యోగం ఇప్పించనూ అక్కర్లేదు.

డిసెంబర్‌లో బుక్ ఫెయిర్ నాటికి పుస్తకం తేవాలని తొందరపడుతున్నావట. బుక్ ఫెయిర్ వచ్చే ఏడాదీ ఉంటుంది. ముందు ఆ లాక్‌డౌన్ అధ్యాయం రాసి పంపు. నవీన్ ఎదురుగా పెట్టుకుని కూర్చున్న లాప్‌టాప్ ఎవరిదో కూడా తేల్చు, ఆఫీసుది ఎప్పుడో తిరిగి ఇచ్చేసి ఉంటాడు కదా.