ఇటలీలో పునరుజ్జీవన కాలపు కళ చూడాలంటే గైడు అవసరమా?

అమ్మానాన్నలతో ఇటలీ వెళ్తున్నామని, అక్కడి పునరుజ్జీవన కాలపు చిత్రాలు, కట్టడాలు చూడటానికి గైడు ఉన్న యాత్ర మంచిదా, సొంతంగా తిరగడం మంచిదా అని అడిగారు. అమ్మగారికి మోకాళ్ళ నొప్పులని కూడా రాశారు. గైడు ఉండాల్సిందే. అయితే డబ్బు కట్టేముందు ఒక్క ప్రశ్న వేయండి: ఒక్కో చోట ఎంతసేపు ఉంటాం?

మా నాన్న తాపీ మేస్త్రి. తెనాలి చుట్టుపక్కల నలభై ఏళ్ళు ఇళ్ళు కట్టారు. 2018 అక్టోబరులో ఆయన్ను ఫ్లారెన్స్ తీసుకెళ్ళాను. మొదటి రోజు ఒక పెద్ద బృందంలో చేరాం. అందరి చెవుల్లో ఇయర్‌ఫోన్లు, ముందు నడిచే మనిషి చేతిలో ఎత్తిపట్టిన గొడుగు. ఉఫిట్సి గ్యాలరీని గంటంబావులో చుట్టేశాం. బోటిచెల్లి వేసిన వీనస్ దేవత చిత్రం ముందు మాకు దక్కింది రెండు నిమిషాలు. ఆ తరువాత ఒక తోలు సంచుల దుకాణంలో మాత్రం యాభై నిమిషాలు కూర్చోబెట్టారు. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది. నాన్న ఆ సాయంత్రం భోజనం దగ్గర కూడా ఏమీ మాట్లాడలేదు.

మర్నాడు మా ఇద్దరికే ఒక గైడును కుదుర్చుకున్నాను. ఆమె ఆర్కిటెక్చర్ చదువుకున్న మనిషి. సాంతా మరియా దెల్ ఫియోరే కేథడ్రల్ గుమ్మటం ఎక్కడానికి ముందే టికెట్లు తీసుకున్నాం. మొత్తం 463 మెట్లు, లిఫ్టు లేదు. నాన్న ఏ పని చేసేవారో ఎక్కబోయేముందు ఆమెకు చెప్పాను.

ఆ చర్చి పని 1296లో మొదలైంది. వందేళ్ళు దాటినా నడిమధ్యన కప్పు పడలేదు. 40 మీటర్లకు పైబడిన ఆ ఖాళీకి కిందినుంచి సెంట్రింగ్, అంటే కట్టుబడి గట్టిపడేదాకా దాన్ని మోసే కొయ్య చట్రం, ఎలా కొడతారు? ఫిలిప్పో బ్రూనెలెస్కి 1420లో పని మొదలుపెట్టి, ఆ సెంట్రింగ్ లేకుండానే 1436కల్లా గుమ్మటం నిలబెట్టారు. ఆయన మొదట నేర్చింది కంసాలి పని.

నిజానికి అవి ఒకదానిలో ఒకటి ఇమిడిన రెండు గుమ్మటాలు. మెట్లు వాటి మధ్య సందులోంచి పోతాయి. ఒక మలుపు దగ్గర ఇటుకలు బయటికి కనిపిస్తున్నాయి. నాన్న అక్కడ ఆగిపోయారు. అడ్డంగా పేర్చిన వరుసలో కొంత కొంత దూరానికి ఒక ఇటుక నిలువుగా ఉంది. ఆ నిలువు ఇటుకలు వరుస వరుసకూ కాస్త పక్కకు జరుగుతూ, మెలి తిరిగినట్టు పైకి పోతున్నాయి. “ఇదేం కట్టుబడి అమ్మా?” అని ఆమెను తెలుగులోనే అడిగారు. నేను ఇంగ్లీషులో చెప్పాను. తమ భాషలో దీన్ని చేపముల్లు అంటారని ఆమె చెప్పింది.

“గోడ లోపలికి వాలుతోంది కదా, సున్నం బిగిసేలోపు ఇటుక జారిపోదూ?” అన్నారు నాన్న. ఆమె నోరు తెరిచేలోపు జవాబు కూడా ఆయనే చెప్పారు. నిలువు ఇటుక కింది వరుసలో దిగబడి ఉంది, అది పక్క ఇటుకలను జారకుండా పట్టి ఉంచుతుంది, చుట్టు పూర్తయ్యాక ఆ వరుస ఇక ఎటూ కదలదు. నేను అనువదిస్తూ ఉండగానే ఆమె సంచిలోంచి నోటుపుస్తకం తీసి ఆయన చేతికిచ్చింది, గీసి చూపించమని. వెనక వచ్చేవాళ్ళు గోడకు ఒదిగి మమ్మల్ని దాటిపోయారు. అక్కడే ఇరవై నిమిషాలు ఉన్నాం.

అందుకే చెబుతున్నాను, ఇటలీలో చిత్రాలకంటే ముందు కట్టడాలు చూడాలి. బొమ్మలో దూరాన్ని లెక్క ప్రకారం చూపే పద్ధతికి దారి వేసింది కూడా ఈ బ్రూనెలెస్కియే. గుమ్మటం దిగి సాంతా మరియా నోవెల్లా చర్చికి వెళ్ళి, మసాచో 1427 ప్రాంతంలో గోడమీద వేసిన ‘త్రిత్వం’ ముందు నిలబడండి. గోడను తొలిచి లోపల ఒక గది కట్టారేమో అనిపిస్తుంది. లోపలికి పోయే గీతలన్నీ నిలబడి చూసేవాడి కంటి ఎత్తుకు దగ్గరగా కలుస్తాయి. అలాంటి చిత్రానికి అడ్డంగా పదహారో శతాబ్దంలో చిత్రకారుడు, వాస్తుశిల్పి జార్జో వసారి ఒక బలిపీఠం పెట్టించారు. దాదాపు మూడు వందల ఏళ్ళపాటు అది ఎవరి కంటా పడలేదు. గుమ్మటం లోపల ‘అంతిమ తీర్పు’ చిత్రాన్ని 1572లో మొదలుపెట్టిందీ వసారియే. దగ్గరినుంచి చూస్తే ఆ బొమ్మలు మొరటుగా ఉంటాయి. నా దృష్టిలో అది ఆ కట్టడానికి జరిగిన అన్యాయం, ఎవరేమన్నా ఈ మాట మార్చుకోను.

అమ్మగారు మెట్లు ఎక్కలేరు కాబట్టి, చర్చి వెనక ఉన్న మ్యూజియానికి తీసుకెళ్ళండి. చర్చి ఎదుటి బాప్టిజం మందిరానికి శిల్పి గిబెర్టి చేసిన బంగారు పూత తలుపుల అసలు ప్రతులు అక్కడే ఉన్నాయి. అందరూ వాటి దగ్గరే గుమిగూడతారు. మీరు మాత్రం గుమ్మటం కట్టిన కాలపు కొయ్య కప్పీలు, పనిముట్లు ఉన్న చోటు అడిగి వెళ్ళండి. మా నాన్న ఆ కప్పీల ఎదురుగా నేలమీదే కూర్చుండిపోయారు. మూసేవేళ అయిందని కాపలా మనిషి వచ్చి భుజం తట్టేదాకా లేవలేదు.