పీసీఆర్ బ్యాండ్ ఉంది, ప్లేట్ మీద జోన్ లేదు. ఎందుకు?

ప్రశ్న: సముద్రపు మట్టిలో దొరికిన బ్యాక్టీరియాలో ఎన్ఆర్‌పీఎస్ జీన్ (కొన్ని యాంటీబయాటిక్‌లను కట్టే పెద్ద ఎంజైముల జీన్) ఉందని పీసీఆర్‌లో తేలింది (ఆ డీఎన్ఏ ముక్క జెల్ మీద బ్యాండ్‌గా కనిపించింది). అయినా యాంటీబయాటిక్ పని కనిపించట్లేదు. ఎందుకు?

జీన్ ఉండటం వేరు, అది పని చేయడం వేరు. నాకూ ఇదే జరిగింది. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి రుషికొండ దగ్గర తీసిన మట్టిలో యాక్టినోమైసీట్ అనే రకం బ్యాక్టీరియా ఒకటి దొరికింది. సుద్దపొడి చల్లినట్టు తెల్లటి కాలనీ, మూత తీస్తే తొలకరి వాసన. స్టాఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా మీద చక్కటి జోన్ (కాలనీ చుట్టూ అది పెరగని ఖాళీ వలయం) ఇచ్చింది. ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు. తర్వాత ఒకసారి సముద్రపు నీళ్లు అయిపోయి డిస్టిల్డ్ వాటర్‌తో మీడియా (బ్యాక్టీరియాను పెంచే ఆహారం) చేశాను. కాలనీ బాగానే పెరిగింది, జోన్ మాత్రం లేదు. వారం రోజులు ఒకటే టెన్షన్. కల్చర్ పారేయబోతుంటే మా గైడ్ మేడమ్ "ఆగమ్మా, పుట్టింటి నీళ్లు అడుగుతోందేమో" అన్నారు. మళ్లీ సముద్రపు నీళ్లతో చేస్తే మూడు ప్లేట్లలోనూ జోన్ వచ్చింది.

యాంటీబయాటిక్‌కి కావలసిన జీన్లు సాధారణంగా క్రోమోజోమ్ మీద పక్కపక్కనే ఉంటాయి. దాన్నే క్లస్టర్ అంటాం. ఎన్ఆర్‌పీఎస్‌లో రైబోజోమ్‌తో పని లేదు, ఆ పెద్ద ఎంజైములే అమైనో ఆమ్లాలను వరుసగా అతుకుతాయి. పెళ్లింట్లో దండ గుచ్చేటప్పుడు ఒకరు మల్లె, పక్కావిడ కనకాంబరం, ఆ పక్కావిడ మరువం చేర్చి దారం ముందుకు అందిస్తారే, అలా ఆ ఎంజైములో ఒక్కో మాడ్యూల్ (భాగం) ఒక్కో అమైనో ఆమ్లాన్ని చేరుస్తుంది. ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో చెప్పే రెగ్యులేటర్ జీన్లు కూడా చాలాసార్లు ఆ క్లస్టర్‌లోనే ఉంటాయి.

దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ టారోమైసిన్ అనే యాంటీబయాటిక్. కాలిఫోర్నియాలో లా జొల్లా దగ్గర సముద్రపు అడుగున దొరికిన శాకరోమోనోస్పోరా అనే బ్యాక్టీరియాలో, డాప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ క్లస్టర్‌ను పోలిన క్లస్టర్ కనిపించింది, కానీ అది మౌనంగా ఉంది. స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థలోని బ్రాడ్లీ మూర్ బృందం దాదాపు 67 వేల బేస్‌ల ఆ ముక్కను ఈస్ట్ సాయంతో మొత్తంగా పట్టి, స్ట్రెప్టోమైసిస్ సీలికలర్ అనే మరో బ్యాక్టీరియాలో పెట్టింది. అప్పటికీ టారోమైసిన్ రాలేదు. టార్20 అనే ఒక్క రెగ్యులేటర్ జీన్ తీసేస్తే వచ్చింది! ఆ పని 2014లో ప్రచురించారు. టారోమైసిన్‌లోని 13 అమైనో ఆమ్లాల్లో రెండింటికి క్లోరిన్ అతికి ఉంటుంది, డాప్టోమైసిన్‌లో అది లేదు. సముద్రంలో క్లోరైడ్‌కి కొదవేముంది.

ఇంకో మాట. మీ బ్యాండ్ చూపించేది జీన్‌లో చిన్న ముక్కనే. ఇనుమును పట్టుకునే సిడరోఫోర్లు కూడా ఎన్ఆర్‌పీఎస్‌తో తయారవుతాయి, కాబట్టి బ్యాండ్ వచ్చినంత మాత్రాన యాంటీబయాటిక్ అనుకోకండి.

కల్చర్ మాత్రం పారేయొద్దు. స్టార్చ్ కేసీన్ అగార్ అనే మీడియా సముద్రపు నీళ్లతో ఒకటి, మామూలు నీళ్లతో ఒకటి చేసి పక్కపక్కన పెట్టండి. రెండో రోజే చూసి వదిలేయకుండా పది రోజులు ఆగండి. వీటిలో చాలావరకు పెరుగుదల మందగించాకే యాంటీబయాటిక్ మొదలవుతుంది.